ఒసాకాలో దారి తప్పిన దీర్ఘం

ఓనొ గారి కోసం ఫోన్ చేస్తే ఒనొ గారు లైన్లోకి వచ్చారు. తప్పు నాదే.

అప్పట్లో నేను పనిచేసే చోట ఒక జపాన్ కంపెనీతో రోజూ మాటలుండేవి. అక్కడి ఇద్దరి ఇంటిపేర్లు మెయిళ్ళలో అచ్చుగుద్దినట్టు ఒకేలా కనబడేవి: ఓ, ఎన్, మళ్ళీ ఓ. యోకో ఒనో పేరు పేపర్లలో చూసిన అలవాటు కొద్దీ నేను ఇద్దరినీ "ఒనో" అనేవాణ్ణి. ఫోనెత్తినావిడ "ఒనొ-సనా, ఓనొ-సనా?" అని రెండుసార్లు అడిగింది (సన్ అంటే మన గారు). తేడా నాకు వినబడింది. దానికి అర్థం ఉంటుందని మాత్రం తట్టలేదు. "అవునండీ, ఒనో-సాన్" అని ధీమాగా చెప్పాను. తర్వాత తెలిసింది, ఒకాయన ఇంటిపేరుకి చిన్న మైదానం అని అర్థం, రెండో ఆయనది పెద్ద మైదానం. రెంటికీ మధ్య ఉన్నదల్లా మొదటి అచ్చు పొడుగు. ఆ పొడుగుని ఇంగ్లీషు అక్షరాల్లో చూపించరు. పాస్‌పోర్టులో కూడా మామూలుగా చిన్న మైదానమూ పెద్ద మైదానమూ ఒకే స్పెల్లింగులో ఇరుక్కుంటాయి.

గడి, గాడి, గడ్డి మూడూ వేరని పలక పట్టిన రోజు నుంచీ తెలిసిన వాణ్ణి నేను. ఆ తెలివి జపనీస్ దగ్గరికొచ్చేసరికి ఎటు పోయింది? ఇంగ్లీషు మీదుగా వెళ్ళాను, దారిలో జారిపోయింది.

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకి జపనీస్ ఎందుకు తిరగదో ముందు చూద్దాం. ఇంగ్లీషు మాటలో ఏదో ఒకచోట బరువు పడుతుంది. బరువు పడిన చోట అచ్చు సాగుతుంది, మిగతావి నలిగిపోతాయి. 'బనానా' రాతలో మూడు 'ఏ'లూ ఒకటే. అమెరికావాడి నోట్లో నడిమిది మాత్రమే నిండుగా నిలుస్తుంది, అటూ ఇటూ ఉన్నవి ఏ అచ్చో తెలియని గొణుగుడుగా మిగులుతాయి. జపనీస్‌లో ఇలాంటి బరువు లేదు. ప్రతి అక్షరమూ నిండుగా, సమానమైన కొలతతో నడవాలి. ఆ మాటలు ఇంగ్లీషు నోట్లో పడగానే చివరి నుంచి రెండో అక్షరం మీద బరువు కూర్చుంటుంది. ఒ-సా-క, న-గ-సా-కి, క-రా-టి, స-యొ-నా-ర. హిరోషిమాకైతే ఇంగ్లీషువాళ్ళలోనే రెండు పక్షాలున్నాయి, కొందరు 'రో' మీద మోపుతారు, కొందరు 'షి' మీద. అసలు మాటలో రెండుచోట్లా ఏమీ లేదు.

ఇక మన వంతు. ఇంగ్లీషువాడు మోపిన ఆ బరువు మన చెవికి దీర్ఘంలా వినిపించింది. వినిపించినట్టే రాసుకున్నాం, కొన్నిటికి ఇంకో దీర్ఘం మన తరఫున కలిపాం. ఒసాకా, నాగసాకి, హిరోషిమా, సయొనారా, సుడోకు. ఇవన్నీ తెలుగు పత్రికల్లో ఏళ్ళ తరబడి స్థిరపడిపోయిన రూపాలు. అసలు మాటలు ఇవి: ఓసక, నగసకి, హిరొశిమ, సయోనర, సూదొకు. ఒసాకానే చూడండి. దీర్ఘం ఉండాల్సింది మొదటి అక్షరానికి, తర్వాతి రెండూ హ్రస్వాలు. మనం మొదటిది కుదించి తర్వాతి రెండూ సాగదీశాం. మూడుకి మూడూ తలకిందులు. సుడోకులోనూ అంతే, సూ దగ్గరున్న దీర్ఘాన్ని డో దగ్గరికి జరిపాం. తెలుగు లిపిలో ప్రతి హ్రస్వానికీ ప్రతి దీర్ఘానికీ వేరే గుర్తుంది. ఎ, ఏ లనీ ఒ, ఓ లనీ విడివిడిగా రాసే వెసులుబాటు హిందీకి లేదు, మనకుంది. ఇంత చక్కటి కొలతపాత్ర చేతిలో పెట్టుకుని పక్కవాడు ఒలకబోసినదాన్ని కొలుచుకున్నాం.

జపనీస్ పలకడానికి అసలు తాళంచెవి మాత్ర. భాషాశాస్త్రజ్ఞులు మోరా అంటారు, ఛందస్సు చదివిన తెలుగువాడికి అది కొత్త సరుకు కాదు. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. దీర్ఘమైతే గురువు, సున్న ఉంటే గురువు, పక్కన ద్విత్వం ఉంటే ముందరిది గురువు. ఈ లెక్కతో జపనీస్ మాటలు కొలిచి చూడండి. నిప్పొన్: నిప్ రెండు, పొన్ రెండు, మొత్తం నాలుగు. జపాన్‌వాళ్ళు వేళ్ళమీద ని-ప్-పొ-న్ అని లెక్కపెట్టినా నాలుగే. ఇంగ్లీషువాడి సిలబుల్ లెక్కలో రెండే. తోక్యో కూడా నాలుగు మాత్రలు, తొ-ఒ-క్యొ-ఒ. హైకు మూడు, హ-ఇ-కు. హైకూలో 5-7-5 అని చెప్పేది ఈ మాత్రల లెక్కే. ఇంగ్లీషులో సిలబుళ్ళు లెక్కపెట్టి రాసే హైకూలు జపనీస్ వాటికంటే బరువుగా, మాటలు ఎక్కువైనట్టు తోచడానికి అదొక కారణం.

ఆటవెలది, తేటగీతి కట్టే అలవాటున్నవాళ్ళకి ఇంకో సరదా. ఓసక అచ్చమైన భగణం. హిరొశిమ, నగసకి రెండూ నల. అంటే ఇంద్రగణాలు! మన పత్రికల్లో ఉన్నట్టు ఒసాకా అంటే అయిదు మాత్రలు, హిరోషిమా అంటే ఆరు. నాలుగు మాత్రల ఊరికి రెండు మాత్రలు ఎక్కువ వడ్డించాం. అయితే మన గణసూత్రం ఒక్కచోట కుదరదు. మనకి ఏ సంయుక్తాక్షరం ముందున్నా గురువే. జపనీస్‌లో య-వత్తు ముందరి అక్షరాన్ని బరువెక్కించదు. రెండువందల్ని వాళ్ళు నిహ్యకు అంటారు, ని-హ్య-కు, మూడే మాత్రలు. ద్విత్వం, సున్న మాత్రమే మాత్ర కలుపుతాయి.

మాత్ర తప్పితే ఏమవుతుందో ఓనొ గారి దగ్గర చూశాం. అది చిన్న నష్టం. ఒబసన్ అంటే అత్తయ్య, పిన్ని వరస. ఒబాసన్ అంటే అమ్మమ్మ, నాయనమ్మ. నలభై ఏళ్ళావిడని దీర్ఘం పెట్టి పిలిస్తే ఏమనుకుంటుందో చెప్పక్కర్లేదు. బిరు భవనం, బీరు మాత్రం మనకి తెలిసిన బీరే. యుకి మంచు, యూకి ధైర్యం. శుజిన్ భర్త, శూజిన్ ఖైదీ. ద్విత్వంతోనూ ఇదే గొడవ. ఒతొ శబ్దం, ఒత్తొ మొగుడు. "కితె కుదసై" అంటే రండి అని. "కిత్తె కుదసై" అంటే కొయ్యండి అని, ఫోన్లో అయితే కట్ చెయ్యండి అని కూడా. పిలుద్దామని ఒక్క తకారం ఎక్కువ నొక్కితే అవతలివాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. ఇంగ్లీషువాళ్ళకి ఒకే మాట లోపల ఇలా హల్లుని ఆపి పట్టుకునే అలవాటు లేదు, అందుకే నిస్సన్ కారు వాళ్ళ నోట్లో నీసాన్ అవుతుంది. అక్క, అత్త, గడ్డి అనే మనకి ఇది చెప్పాల్సిన పాఠమే కాదు.

ఇంగ్లీషు అక్షరాల్లో జపనీస్ రాసే పద్ధతి అసలెలా వచ్చిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. జేమ్స్ కర్టిస్ హెప్‌బర్న్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు 1867లో జపనీస్-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడు. 1886లో వచ్చిన మూడో కూర్పుతో ఆయన పేరు మీద ఒక స్పెల్లింగు పద్ధతి నిలబడిపోయింది. హల్లులు ఇంగ్లీషులోలా, అచ్చులు ఇటాలియన్‌లోలా చదవాలన్నది దాని కిటుకు. దీర్ఘానికి అక్షరం మీద చిన్న గీత. టైపు మిషన్లలో, పత్రికల్లో ఆ గీత ఎగిరిపోయింది. ఇటాలియన్ అచ్చుల సంగతి ఎవరికీ గుర్తులేదు. మిగిలింది ఇంగ్లీషు ముఖం పెట్టుకున్న జపనీస్ మాట. దాన్ని చూసి ఇంగ్లీషులాగే చదివేస్తారు, వాళ్ళూ మనమూ.

ఆ ముసుగు వల్లే మనం చేసే రెండో తప్పు, ట-డ లు. ఇంగ్లీషు టీ కనబడితే ట, డీ కనబడితే డ అని రాయడం మనకి చేతివాటం. జపనీస్ నాలుక పళ్ళ దగ్గరే ఆడుతుంది, నాలుక మడిచి పలికే మూర్ధన్యాలు లేవు. కాబట్టి టోక్యో కాదు తోక్యో, క్యోటో కాదు క్యోతొ, హోండా కాదు హొంద, కరాటే కాదు కరతె. జూడోలో దీర్ఘాలు రెండూ మనం సరిగ్గానే పెట్టాం, డ ఒక్కటే తప్పు. జూదో అనాలి. అలా అంటే పేకముక్కలు గుర్తొస్తాయన్నది వేరే సంగతి. ష కూడా ఇలాంటిదే. ఎస్-హెచ్ కనబడగానే ష రాస్తాం, కానీ వాళ్ళది నాలుక మడిచే ష కాదు, 'శివ'లోని మెత్తటి శ. మిత్సుబిషి, హిరోషిమా, సుషీ, అన్నిట్లోనూ శకారమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముచ్చటైన విషయం. 2004 డిసెంబర్ 26న సముద్రం మీదపడ్డప్పుడు మన తీరంలో ప్రతి ఇంట్లో ఒక జపనీస్ మాట చేరింది. సునామీ అన్నాం, అంటున్నాం. అసలు మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటిది రేవు, రెండోది 'నమి', అంటే అల. ఆ రేవు అనే ముక్క ఒకే అక్షరం. దాన్ని ఇంగ్లీషులో టీ-ఎస్-యూ అని రాస్తారు. మాట మొదట్లో ఆ జంట ఇంగ్లీషువాళ్ళకి పలకదు కాబట్టి టీ మింగేసి 'సూనామీ' అన్నారు. మనమూ మింగేశాం. మింగాల్సిన పనేలేదు. చుక్క, చూపు, చాప, చొక్కా అని మామూలుగా పలికి చూడండి. ఇంటి యాసలో ఆ చకారం 'చిలక'లోని చకారం కాదు. నాలుక కొస పళ్ళని తాకి సకారంలోకి జారుతుంది. దంత్య చకారం అంటారు, పాత నిఘంటువుల్లో విడిగా ౘ అని గుర్తుపెట్టేవారు. జపనీస్ శబ్దం అదే. ౘునమి. చుక్కలోని చు పెట్టి హ్రస్వంగా అనండి చాలు. ఇంకో విచిత్రం చూడండి. ఇకారం వచ్చేసరికి ఈ శబ్దం తాలవ్యమైపోతుంది, మన చిలకలో ఉన్నట్టే. జపనీస్ త-వరస కూడా త, చి, ౘు, తె, తొ అని నడుస్తుంది. సుజుకిలో జు కూడా అలాగే, 'జున్ను'లోని దంత్య జకారానికి దగ్గరగా. కాన్వెంటు చదువులతో చుక్కని చిలకలోని చకారంతో పలికే పిల్లలు పెరుగుతున్నారు. వాళ్ళకి ౘునమి కూడా కష్టమే అవుతుంది.

సున్న సంగతీ ఇంతే సొంపుగా కుదిరింది. అంగడి, అంచు, అంత, అంబలి: ఒకటే సున్న, పక్కనున్న హల్లుని బట్టి నాలుగు రకాలుగా పలుకుతుంది. జపనీస్‌లో కూడా సరిగ్గా అలాంటి అక్షరం ఒకటుంది. తెంపుర అనే వంటకంలో అది మకారంలా, హొందలో నకారంలా వినిపిస్తుంది. తోక్యోలో శింబశి అనే స్టేషనుంది, 'కొత్త వంతెన' అని అర్థం. బోర్డు మీద ఇంగ్లీషులో ఎమ్ రాస్తారు, జపనీస్‌లో అదే సున్నలాంటి అక్షరం. ఒక్క జాగ్రత్త, ఆ సున్న పక్కన అచ్చు వచ్చినప్పుడు దాంట్లో కలిపెయ్యకూడదు. కినెన్ అంటే జ్ఞాపకార్థం. కిన్ అని ఆగి, ఎన్ అని మళ్ళీ మొదలుపెడితే పొగతాగరాదు అని. మొదటిది మూడు మాత్రలు, రెండోది నాలుగు.

క్యో, ర్యో, బ్యో దగ్గర ఇంగ్లీషువాళ్ళు బాగా తడబడతారు. క్యో వాళ్ళకి 'కీ-యో' అయిపోతుంది, తోక్యో మూడు ముక్కలవుతుంది. దీనికి జపనీస్ నేర్చుకునేవాళ్ళందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. బ్యోయిన్ ఆసుపత్రి, బియోయిన్ బ్యూటీ పార్లరు. కాలు విరిగినవాడు టాక్సీ ఎక్కి రెండోది చెబితే జుట్టు కత్తిరించుకుని రావాల్సిందే. వాక్యం, భాగ్యం అనే నోళ్ళకి ఈ బాధ లేదు.

అలాగని మనకి అన్నీ వడ్డించిన విస్తరేం కాదు. మాట చివర హ్రస్వ ఎకారం ఇంగ్లీషుకి పొసగదు. అందుకే కరతె 'కరాటీ' అయింది, సకె 'సాకీ' అయింది, కోబె ఊరి గొడ్డుమాంసాన్ని బట్టి పేరు పెట్టిన బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ అయ్యాడు. మనకి పల్లె, మల్లె, గొర్రె ఉన్నాయి, కరతె వాటిలాగే ముగుస్తుంది, ఇబ్బంది లేదు. కానీ మాట చివర హ్రస్వ ఒకారం మనకి అలవాటు లేదు. క్యోతొ, కిమొనొ, సప్పొరొ అనమంటే చివర తో, నో, రో అని సాగుతుంది. దాన్ని పట్టి ఆపాలి. ఇంకోటి, ఎకారంతో మొదలయ్యే మాటకి యకారం, ఒకారానికి వకారం తగిలించడం మన రక్తంలో ఉంది. ఎలా అని రాసి యెలా అంటాం. కరఒకె మన దగ్గర కరవోకే కావడం అందుకే. జపాన్ డబ్బుని లోకమంతా యెన్ అంటున్నా, వాళ్ళు అనేది ఒట్టి ఎన్.

ఫుజి కొండలో ఉన్నది ఇంగ్లీషు ఎఫ్ కాదు, మన ఒత్తు ఫ కూడా కాదు. పళ్ళు పెదవికి తగలకూడదు, రెండు పెదాలూ మూయకూడదు. దీపం ఊదుతున్నట్టు గాలి వదలాలి. ఉకారానికి పెదాలు ముందుకి సున్నా చుట్టకూడదు, వదులుగా ఉంచాలి. రకారం మన మామూలు ర, ఒక్క తాకిడి, అంతే. ఇక కొన్ని అచ్చులు వినబడీ వినబడనట్టు ఉంటాయి. క, స, త లాంటి హల్లుల మధ్య ఇరుక్కున్న, లేదా అలాంటి హల్లు తర్వాత మాట చివర పడిన ఇ, ఉ ల ఊపిరి పోతుంది. 'దెసు' అని రాసింది దెస్ అని వినిపిస్తుంది. తోక్యోలో పాత గుడి ఉన్న అసకుస పేట దాదాపు అసక్స. అడుగుతాను అని రాసి అడుగ్తాను అనే మనకిది వింత కాదు. తేడా ఒక్కటే, వాళ్ళు గొంతు ఆపినా మాత్ర ఆపరు. ఆ ఖాళీ జాగా అలాగే ఉంటుంది.

చివరిది స్వరం. జపనీస్‌లో బరువు లేదన్నానే తప్ప ఎత్తుపల్లాలు లేవనలేదు. తోక్యో యాసలో హశి అనే మాటకి మొదటి అక్షరం పైస్థాయిలో ఉంటే తినడానికి వాడే పుల్లలు, రెండోది పైస్థాయిలో ఉంటే వంతెన. గట్టిగా నొక్కడం కాదు, శ్రుతి పెంచడం. మనవాళ్ళు వేదంలో ఉదాత్తం, అనుదాత్తం అన్నది ఈ జాతిదే. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తూ 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం తప్పాడు. ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అని అర్థం మారి, ఆ పుట్టిన కొడుకు వృత్రుడే చచ్చాడని కథ. జపాన్‌లో అంత ప్రమాదం లేదు. ఓసకలో హశి స్వరం తోక్యోకి సరిగ్గా తిరగబడుతుంది, అయినా వాళ్ళూ వీళ్ళూ కలిసి భోంచేస్తూనే ఉన్నారు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళు స్వరం గురించి బెంగపెట్టుకోవడం నాకు అనవసరం అనిపిస్తుంది. మాత్ర తప్పితే మాటే మారిపోతుంది. స్వరం తప్పితే పొరుగూరివాడు అనుకుంటారు.

మరి రేపట్నుంచి షోరూముకెళ్ళి 'తొయొత' అనాలా అంటే, వద్దు. నవ్వుతారు. జనం నోట్లో అరిగి మనదైపోయిన మాటని వెనక్కి పంపలేం. 1870 ప్రాంతంలో జపాన్‌లో పుట్టిన జిన్‌రికిశ, అంటే మనిషి బలంతో నడిచే బండి, ఇంగ్లీషువాళ్ళ దగ్గర తల పోగొట్టుకుని మన దగ్గర రిక్షా అయింది. దాన్ని ఇప్పుడెవరు సరిదిద్దుతారు? మనిషి పేరు దగ్గర మాత్రం నాకు ఆ ఉదారత లేదు. శ్రీసిటీలో పక్క సీట్లో కూర్చునే జపాన్ ఇంజినీరు పేరు, కొత్తగా నేర్చుకునే భాషలోని మాట, ఇవి తెలుగులో రాసుకుని మాత్రలు లెక్కపెట్టి పలకడమే నయం. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి కాదు, వాళ్ళ నోట విని రాసుకోవాలి.

ఓనొ గారితో ఆ తర్వాత స్నేహం కుదిరింది. ఒకసారి మా ఊరి పేరు అడిగి, వాళ్ళ రాతలో ఎలా ఉంటుందో వేళ్ళమీద లెక్కపెట్టి చూపించారు. హ-ఇ-దె-ర-బ-అ-దొ. ఏడు మాత్రలు. 'బా' దీర్ఘం భద్రంగా ఉంది. 'రా' దీర్ఘం లేదు, 'ద' కాస్తా 'దె' అయింది. వాళ్ళకీ మన ఊరు ఇంగ్లీషు మీదుగానే చేరింది. ఆయన మడిచిన ఏడు వేళ్ళ పక్కన ఎనిమిదో వేలు నేనే మడిచాను.